క్రీడాకారుల ప్రేమ నవలల్లో వయసు ఎక్కడుంది?

సంపాదకులకు,

ఆర్యా,

ఆటగాళ్ల జీవితాలు నేపథ్యంగా వస్తున్న సమకాలీన ప్రేమ నవలల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నాయికా నాయకుల మధ్య పదేళ్లో పన్నెండేళ్లో తేడా పెట్టి రాస్తున్న కథలను వ్యాసకర్త ప్రత్యేకంగా ప్రస్తావించి, అంత తేడా ఉన్న ఇద్దరు ప్రేమించుకోవడమే నమ్మశక్యంగా లేదని తేల్చారు. ఆయన అసంతృప్తితో నేను ఏకీభవిస్తాను గానీ, అందుకు ఆయన చూపిన కారణాన్ని ఒప్పుకోలేను. ఈ నవలలను నమ్మలేకపోవడానికి కారణం, వయసు తేడా ఉందని మొదటి అధ్యాయంలో చెప్పేసి, ఆ తర్వాత మూడు వందల పేజీల్లో ఎక్కడా ఆ తేడాను పని చేయనివ్వకపోవడమేనని నా అభిప్రాయం.

ఈ మాట అనడానికి నాకున్న అర్హతను కూడా చెప్పుకోవాలి. పద్దెనిమిదో ఏట నుంచి ఇరవై ఏడో ఏట వరకు నేను 400 మీటర్ల పరుగు పరిగెత్తాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా పిల్లలకు పరుగులో శిక్షణ ఇస్తున్నాను. మావారు నాకంటే పదకొండేళ్లు పెద్దవారు, ఆయనదీ అదే పరుగు. ప్రేమ నవలలంటే నాకు ఊహ తెలిసిననాటి నుంచీ ఇష్టం. ఇష్టమైనదాని గురించి రాస్తున్నాను కనుక ఉత్తరం కాస్త పొడుగైతే మన్నించగలరు.

మామూలు ఉద్యోగాల్లో ఇరవై నాలుగేళ్ల వ్యక్తికీ ముప్పై ఆరేళ్ల వ్యక్తికీ మధ్య ఉన్న దూరం పెద్దగా కనిపించదు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకే పని చేస్తారు, ఇద్దరికీ ముందు ఇంకా చాలా కాలం ఉంటుంది. ఆటలో ఆ పన్నెండేళ్లలో ఒక మనిషి వృత్తి జీవితం మొత్తం మొదలై ముగిసిపోతుంది. ఒకరు తలుపు తోసుకుని లోపలికి వస్తున్న సమయంలో రెండోవారు చెప్పులు వేసుకుని బయటికి వెళ్లడానికి సిద్ధపడుతుంటారు. ఇద్దరూ గుమ్మం దగ్గర ఎదురుపడతారు. క్రీడా ప్రేమకథకు ఇంతకంటే బలమైన ఆరంభం ఇంకేముంటుంది? అయినా నేను చదివిన నవలల్లో చాలావాటిలో ముప్పై ఆరేళ్ల నాయకుడు ఇరవై నాలుగేళ్ల శరీరంతోనే తిరుగుతాడు. చెవుల పక్కన రెండు మూడు తెల్ల వెంట్రుకలు మాత్రం రచయిత అతికిస్తారు.

పైగా ఏ ఆట అన్నదాన్ని బట్టి వయసుకు అర్థం మారిపోతుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో పదికి పది సాధించిన నాటికి నాదియా కొమనెచి వయసు 14 ఏళ్లు. అదే జిమ్నాస్టిక్స్‌లో ఒక్సానా చుసోవితినా 1992లో తొలి ఒలింపిక్స్ ఆడి, 2021లో జరిగిన టోక్యో పోటీల్లో 46 ఏళ్ల వయసులో ఎనిమిదోసారి బరిలోకి దిగింది. ఆమెతో పాటు అక్కడ పోటీపడిన అమ్మాయిల్లో చాలామంది, ఆమె మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి పుట్టనే లేదు. ఈతలో డారా టోరెస్ 41 ఏళ్ల వయసులో 2008 బీజింగ్‌లో మూడు రజతాలు గెలిచింది, 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సెకనులో నూరో వంతు తేడాతో స్వర్ణం పోగొట్టుకుంది. మారథాన్‌లోనైతే ఎలియుడ్ కిప్చోగే 37 ఏళ్ల వయసులో, 2022లో బెర్లిన్‌లో, 2 గంటల 1 నిమిషం 9 సెకన్లతో తన ప్రపంచ రికార్డును తానే తిరగరాశాడు. అందువల్ల ఇరవై ఆరేళ్ల అమ్మాయి, ముప్పై ఏడేళ్ల అబ్బాయి మారథాన్ కథలో సాటి పోటీదారులు కావచ్చు, ఇద్దరూ తమ తమ శిఖరాల మీద ఉండవచ్చు. అదే జంటను జిమ్నాస్టిక్స్ కథలో పెడితే ఆ ముప్పై ఏడేళ్ల మనిషి దాదాపు తప్పనిసరిగా కోచ్ గానో, న్యాయనిర్ణేతగానో, సమాఖ్యలో పదవి ఉన్నవాడిగానో ఉంటాడు. అంటే వయసుతో పాటు అధికారం కూడా కథలోకి వచ్చి కూర్చుంటుంది. ఆటను ఎంచుకునేటప్పుడే రచయిత ఈ లెక్క చూసుకోవాలి. కథ రాసేశాక నాయకుడి చేతిలో రాకెట్ తీసేసి బంతి పెట్టినా ఏమీ మారదంటే, ఆ నవలలో ఆట లేదని అర్థం.

గాయాల విషయం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. మోకాలిలోని ముందరి క్రూసియేట్ లిగమెంట్‌ను ఆటగాళ్లు ఏసీఎల్ అంటారు. అది తెగితే శస్త్రచికిత్స తర్వాత కనీసం తొమ్మిది నెలలైనా గడవనిదే పోటీల్లోకి వెళ్లవద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు, చాలామందికి ఏడాది పడుతుంది. ఈమధ్య నేను చదివిన ఒక నవలలో నాయకుడికి ఏడో అధ్యాయంలో అది తెగింది, పదో అధ్యాయంలో ఫైనల్ ఆడి గెలిచాడు. మధ్యలో గడిచినది ఆరు వారాలు. రచయితకు వైద్యం తెలియకపోవడాన్ని నేను తప్పుపట్టను, ఎవరినైనా అడిగితే ఆ మాత్రం సమాచారం దొరుకుతుంది. ఆ తొమ్మిది నెలలను వదిలేసుకోవడమే నాకు కష్టమనిపించింది. ఇరవై రెండేళ్ల వయసులో లిగమెంట్ తెగితే అది ఒక సీజన్ పోవడం. ముప్పై ఆరేళ్లకు తెగితే, మళ్లీ మైదానంలో నిలబడతానా లేదా అన్న ప్రశ్నతో రోజూ నిద్ర లేవడం. మొదటి వారాల్లో కాలు పూర్తిగా చాచగలగడమే ఆ రోజుకు సాధించిన విజయం. తొడ కండరం కరిగిపోయి ఒక కాలు సన్నగా, ఒక కాలు లావుగా కనిపిస్తుంటే ఆ మనిషి అద్దంలో చూసుకోడు. ఆ నెలల్లోనే నాయిక మొదటిసారి జాతీయ జట్టుకు ఎంపికైందనుకోండి. ఫోన్‌లో ఆ వార్త చెప్పేటప్పుడు ఆమె గొంతులో సంతోషాన్ని ఎంత తగ్గించుకోవాలి? అతను ఎంత త్వరగా అభినందించాలి, ఆ అభినందన ఎంత మామూలుగా వినిపించాలి? వయసు తేడా బయటపడేది ఇలాంటి చోట. ఆ నవలలో ఇదంతా మూడు చుక్కలు పెట్టి దాటేశారు.

ఇంకొక ఉదాహరణ చెబుతాను, చాలామంది పాఠకులకు ఇది కొత్తగా ఉండవచ్చు. ఈ నవలల్లో ప్రేమికులు ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు ఎక్కడికో వెళ్లిపోతారు, ఫోన్లు ఆపేస్తారు. అంతర్జాతీయ స్థాయిలో, నిషేధిత మందుల వాడకాన్ని పట్టుకునే డోప్ పరీక్షల జాబితాలో ఉన్న ఆటగాళ్లకు ఆ స్వేచ్ఛ లేదు. రాత్రి ఎక్కడ పడుకుంటారో, పగలు ఎక్కడ సాధన చేస్తారో ముందే తెలియజేయాలి, రోజూ ఒక గంట సమయం సూచించి ఆ గంటలో చెప్పిన చోట కచ్చితంగా ఉండాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే, ఒంట్లో ఏ మందూ లేకపోయినా, రెండేళ్ల వరకు నిషేధం పడవచ్చు. రహస్య ప్రేమ గురించి రాస్తున్నవారికి ఈ నిబంధన ఎంత పెద్ద వరమో ఆలోచించండి. లోకమంతటికీ దాచిన చిరునామాను నాయకుడు ఒక అధికారిక పత్రంలో తన చేతులతో నింపాలి. పదిహేనేళ్లుగా ఆ పత్రం నింపుతున్న అతనికి అది పళ్లు తోముకోవడం లాంటి అలవాటు. నిరుడే జాబితాలోకి వచ్చిన ఆమెకు అది ఇంకా గుర్తుండదు. అర్ధరాత్రి ఆమెను లేపి, చిరునామా మార్చావా అని అతను అడిగే ఆ ఒక్క వాక్యంలో వయసు, అనుభవం, ఆప్యాయత, కొంచెం పెత్తనం, అన్నీ ఉంటాయి. అలా అడిగినందుకు ఆమెకు కృతజ్ఞతా చిరాకూ ఒకేసారి కలగాలి. నేను రచయితనైతే ఆ సన్నివేశాన్ని వదులుకోను.

కోచ్‌కూ శిష్యురాలికీ మధ్య ప్రేమను చిత్రించే నవలల గురించి మాత్రం కఠినంగానే మాట్లాడతాను. శిక్షణ ఇచ్చే మనిషిని కాబట్టి మౌనంగా ఉండలేను. ఆటలో లైంగిక వేధింపుల గురించి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2007లోనే ప్రత్యేకంగా ఒక ప్రకటన వెలువరించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022లో చట్టాన్ని సవరించి, పదహారు, పదిహేడేళ్ల క్రీడాకారులతో వారి కోచ్ లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని నేరంగా చేర్చారు. ఇవి ఊరికే వచ్చిన నియమాలు కావు. రేపు ఎవరు పరిగెత్తాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో నిర్ణయించే మనిషికి కాదని చెప్పడం ఎంత కష్టమో అనుభవించిన పిల్లల వల్ల వచ్చినవి. నాయిక వయసు ఇరవై మూడని రాసి, అందువల్ల ఇబ్బంది ఏమీ లేదని రచయిత అనుకుంటే సరిపోదు. అతను ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ఎన్నేళ్లు? పద్నాలుగేళ్ల పిల్లగా తన దగ్గర చేరిన అమ్మాయిని ఇరవై మూడో ఏట ప్రేమించాననే మనిషిని పాఠకులు అనుమానంగానే చూస్తారు, చూడాలి కూడా. అతను ఒక పేరాలో రాజీనామా చేసి, రెండో పేరాలో ఉంగరం తొడిగితే ఆ అనుమానం తీరదు.

అలాంటి కథ రాయనే కూడదని నేను అనను. రాస్తే జట్టులోని మిగతావాళ్లను కూడా రాయాలి. రిలే జట్టులో స్థానం సెకనులో పదో వంతు తేడాతో పోగొట్టుకున్న మూడో అమ్మాయి ఉంటుంది. కోచ్‌కూ తన సహచరికీ మధ్య సంబంధం ఉందని తెలిసిన రోజున, ఆ అమ్మాయి రెండేళ్ల వెనకటి సెలక్షన్ రోజును మళ్లీ గుర్తు తెచ్చుకుంటుంది. తన పేరు ఎందుకు తీసేశారన్న ప్రశ్నకు ఆమెకు ఇక ఎప్పటికీ నమ్మదగిన జవాబు దొరకదు. కోచ్ నిజాయితీగానే ఎంపిక చేసి ఉండవచ్చు, అయినా ఆ మాట ఎవరు చెప్పినా ఆమె నమ్మదు. నాయిక గెలిచిన పతకం మీద కూడా అదే నీడ పడుతుంది, తన ప్రతిభ ఎంతో తనకే అనుమానం పుడుతుంది. ఆ మూడో అమ్మాయి కథలో లేకుండా, ఆ ఇద్దరి ప్రేమ ఎంత స్వచ్ఛమైనదో రచయిత ఎంత అందంగా వర్ణించినా నాకు మనసు ఒప్పదు.

పాత్రల లోతు దగ్గరికి వస్తే, ఈ నవలలన్నింటిలోనూ తిరిగి తిరిగి కనిపించే ఒక మాట ఉంది. నాయికకు వయసుకు మించిన పరిణతి ఉందంటారు. పెద్దవాడి స్నేహితుడు ఒకసారి, పెద్దవాడే ఒకసారి, చివరికి ఆమె తల్లి కూడా ఒకసారి ఆ మాట అంటారు. ఆ మాటతో రచయిత తేడాను తుడిచేసుకుంటున్నారు. ఇరవై రెండేళ్ల అమ్మాయి ముప్పై అయిదేళ్ల మనిషిలాగే ఆలోచిస్తే తేడా పెట్టడం దేనికి? తొందరపాటు, అతి నమ్మకం, ఓడిపోయినప్పుడు లోకం అంతమైపోయిందనుకోవడం, మర్నాడు ఉదయానికి మరిచిపోవడం ఆ వయసు హక్కులు. వాటిని లాగేసుకుని ఆమెకు శాంతమూ వివేకమూ ఇచ్చి, గాయపడిన పెద్దవాడి మనసును బాగుచేసే పని అప్పగిస్తున్నారు. అతనితో సంబంధం లేని కోరిక ఒక్కటైనా ఆమెకు ఉండాలి. తన సొంత రికార్డును తగ్గించుకోవాలన్న తపన కావచ్చు, చెల్లెలి చదువు గురించిన చింత కావచ్చు, పక్క లేన్‌లో పరిగెత్తే అమ్మాయి మీద అసూయ కావచ్చు. అతను కథలో లేని పేజీల్లో ఆమె ఏం చేస్తుందో చెప్పగలిగితే, అతను ఉన్న పేజీల్లో ఆమె మాటకు బరువు వస్తుంది.

పెద్దవాడి పరిస్థితీ అంతే. అతనికి ఒక చెడ్డ మాజీ భార్యనో, చనిపోయిన భార్యనో ఇచ్చి గతం ఉందనిపిస్తారు. ఆటగాడి గతం అసలు ఆటలోనే ఉంటుంది. ఓడిపోయిన ఫైనల్స్, తన స్థానంలోకి వచ్చిన కుర్రవాడు, తనకు తెలిసీ దాచిన గాయం, మైకులో తన పేరు పిలవని మొదటి పోటీ. 2022 సెప్టెంబరులో లండన్‌లో టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెదరర్ 41 ఏళ్ల వయసులో తన చివరి మ్యాచ్ ఆడినప్పుడు, తనకంటే దాదాపు అయిదేళ్లు చిన్నవాడైన రఫెల్ నాదల్ పక్కన కూర్చుని, అతని చేయి పట్టుకుని ఏడ్చాడు. నాదల్ కూడా ఏడ్చాడు. ఇన్నేళ్లు ఒకరినొకరు ఓడించుకున్న ఇద్దరు అలా కూర్చున్న ఆ దృశ్యం చూసినప్పుడు, ఆట వదలడం అంటే ఏమిటో ఏ నవలలోనూ అర్థం కానంతగా లోకానికి అర్థమైంది. ముప్పై ఆరేళ్ల నాయకుడి లోపల ఆ రోజు గురించిన భయం ఎప్పుడూ ఉండాలి. దాన్ని అతను ఆమెకు చెప్పలేకపోవడానికి కూడా కారణం ఉంది. ఆమెకు అది ఇంకా అర్థం కాని వయసు. తన భవిష్యత్తును తలుచుకుని ఆమె భయపడుతుందేమోనని అతనికి జంకు.

స్త్రీ పెద్దదైనప్పుడు మన రచయితలు ఇంకా తడబడుతున్నారు. సచిన్ టెండూల్కర్ భార్య ఆయనకంటే అయిదేళ్లకు పైగా పెద్దవారన్న విషయం అందరికీ తెలిసినదే, దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. నవలల్లో మాత్రం ముప్పై నాలుగేళ్ల క్రీడాకారిణి ఇరవై అయిదేళ్ల కుర్రవాడిని ప్రేమిస్తే, ఆమె సిగ్గుపడటమే కథ అయిపోతుంది. ఆ వయసు క్రీడాకారిణి ముందు అంతకంటే బరువైన లెక్క ఉంటుంది. టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్ 2022లో ఆటకు దూరమవుతున్నానని రాస్తూ, తాను పురుషుడినై ఉంటే కుటుంబాన్ని పెంచుకోవడం కోసం ఆట వదలవలసి వచ్చేది కాదని స్పష్టంగా చెప్పింది. నేను పరిగెత్తిన దూరాన్నే పరిగెత్తిన అలిసన్ ఫెలిక్స్, 2018లో అత్యవసర సిజేరియన్‌తో బిడ్డను కని, 35 ఏళ్ల వయసులో టోక్యోలో తన పదకొండో ఒలింపిక్ పతకం గెలుచుకుంది. బిడ్డ ఇప్పుడా, వచ్చే ఒలింపిక్స్ తర్వాతా అన్న ప్రశ్న, నవలలోని ఆ ముప్పై నాలుగేళ్ల నాయిక కంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైన సహచరుడికి తట్టనే తట్టదు. అతనికి ఇంకా రెండు ఒలింపిక్స్ మిగిలి ఉన్నాయి. తట్టలేదన్న విషయం ఆమెకు తెలిసిన రోజున వాళ్ల మధ్య జరిగే సంభాషణను నిజాయితీగా రాస్తే, లోకం ఏమనుకుంటుందోనన్న అధ్యాయాలు పది కొట్టేసినా నష్టం ఉండదు.

వయసు తేడాను చూపించాలని పాత పాటల గురించీ కొత్త ఫోన్ల గురించీ చమత్కారాలు రాస్తుంటారు. వాటి జోలికి నేను పోను.

నా సొంత మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మావారు పరుగు మానేసిన ఏడాదే నేను రాష్ట్ర జట్టులోకి వచ్చాను. పెళ్లయిన మూడో ఏట, నా జీవితంలో అతి ముఖ్యమైన పోటీకి పది రోజుల ముందు, ఒక సాయంత్రం సాధన ముగించి వచ్చేసరికి ఆయన నా ఎడమ కాలి వైపు ఒక క్షణం ఎక్కువసేపు చూశారు. ఏమీ అనలేదు. పోటీలో మూడు వందల మీటర్ల దగ్గర నా ఎడమ తొడ వెనక కండరం చిరిగింది. అడుగు పడే తీరు మారిందని ఆయనకు ఆ సాయంత్రమే తెలిసిందని, చాలా రోజుల తర్వాత నేను గుచ్చి గుచ్చి అడిగితే ఒప్పుకున్నారు. ఎందుకు చెప్పలేదని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. చెప్పి ఉంటే నువ్వు ఆగేదానివా అని ఆయన అడిగారు. ఆగేదాన్ని కాదు. తన రోజుల్లో ఎవరో చెబితే తానూ ఆగలేదట, ఆ సంగతీ అప్పుడే తెలిసింది. ఆయన చేసింది తప్పో ఒప్పో ఈనాటికీ నేను తేల్చుకోలేదు. చెప్పి ఉండవలసిందని ఒక్కొక్కసారి ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ పదకొండేళ్లు మా ఇద్దరి మధ్య ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే, నాకు మొదట గుర్తొచ్చేది ఆయన నా కాలి వైపు చూసిన ఆ క్షణమే. క్రీడా ప్రేమ నవల తెరిచిన ప్రతిసారీ నేను అలాంటి క్షణం కోసం వెతుకుతాను.

మీ పత్రికలో నవలలు రాసేవారు, రాయాలనుకునేవారు ఎందరో ఉన్నారు. క్రీడా నేపథ్యంతో సీరియల్ ప్రారంభించే ముందు ఆ ఆట ఆడి మానేసినవారి చేత ఒక్కసారి రాతప్రతిని చదివించమని వారికి మీరు సూచించగలరు. పరుగు గురించి రాసేవారెవరైనా నా దగ్గరికి రావచ్చు. తెల్లవారుజామున ట్రాక్ పక్కన కూర్చోబెట్టి, పదహారేళ్ల పిల్లలు వార్మప్ ఎంతసేపు చేస్తారో, ముప్పై దాటినవాళ్లు ఎంతసేపు చేస్తారో చూపిస్తాను.

ఇట్లు,
భవదీయ,
ఒక పాఠకురాలు, పరుగు శిక్షకురాలు